మా అమ్మ మీద పడ్డ మాట

నన్ను ఎవరూ గుడిలో ఎత్తి దేవుడికి చూపించలేదు. మా పాళెంలో ఆ మర్యాద మగబిడ్డలకే. ఆడపిల్ల పుడితే జ్ఞానస్నానం ఇప్పించి, మెడలో మరియమ్మ పతకం ఒకటి కట్టి, ఇక నీ దారి నీదన్నట్టు వదిలేసేవాళ్ళు. మగబిడ్డయితే కొవ్వొత్తుల పండగ దాకా ఆగి, ఆ రోజు అందరి ముందూ పెద్ద తతంగం చేసేవాళ్ళు. చిన్నప్పుడు అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. నా మీద ఎవరూ ఏ మాటా పలకకపోవడమే నా అదృష్టమని ఇప్పుడు అనిపిస్తుంది. తల నెరిసినా నిక్షేపంలా ఉన్నాను. చెప్పాల్సింది నా తమ్ముడి సంగతి, వాణ్ణి కన్న మా అమ్మ సంగతి.

వాకాడు దాటి ఇసకలో పడి నడిస్తే వచ్చే పాళెం మాది. ముందు సముద్రం, వెనక సరుగుడు తోటలు, ఆ వెనక ఉప్పు పడవలు పోయే కాలవ. ఊళ్ళో ఎక్కువ ఇళ్ళు గంగమ్మను కొలిచేవాళ్ళవి. కతోలికుల ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మమ్మల్ని "మరియమ్మోళ్ళు" అనేవాళ్ళు. అందరిదీ ఒకే సముద్రం, ఒకే రకం బతుకు కాబట్టి దేవుళ్ళు వేరైనా తగువులు ఉండేవి కావు. ఫాదరుగారు ఎక్కడో దూరాన ఉండేవారు. కాలవ దాటి, ఇసకలో సైకిలు తోసుకుంటూ నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. ఆ పూజ లతీనులో సాగేది. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గంట మోగినప్పుడు తలలు వంచేవాళ్ళం, అంతే. మిగతా రోజుల్లో జపాలు చెప్పించడం, పిల్లలకు మతం నేర్పడం, పోయినవాళ్ళను పూడ్చిపెట్టడం, అన్నీ మా ఉపదేశి తాత పనే. మాకున్న భక్తి అంతా ఆయన నోటి నుంచి తెలుగులో వచ్చిందే.

ఉపదేశి తాతకు యూదుల ప్రవక్తలంటే ప్రాణం. క్రిస్మస్‌కు ముందు సాయంత్రాల్లో పిల్లలందరినీ గుడి ముందు ఇసకలో కూర్చోబెట్టి ఒక్కొక్కరి గురించీ చెప్పేవాడు. కన్య గర్భం ధరించి కొడుకును కంటుందని యెషయా చెప్పినాడు. బిడ్డ పుట్టబోయే ఊరు ఫలానాదని మీకా చెప్పినాడు. రాజు గాడిద మీద ఎక్కి వస్తాడని జెకర్యా చెప్పినాడు. వీళ్ళెవరూ మరియమ్మను చూళ్ళేదు, అప్పటికి ఆ తల్లి పుట్టనే లేదు. ఒక్కో సంగతీ చెప్పి, వేలు పైకెత్తి అడిగేవాడు.

"జరిగిందా, లేదా?"

"జరిగింది!" అని అరిచేవాళ్ళం.

"తప్పిందా?"

"తప్పలేదు!"

నాకు గాడిద సంగతి బాగా నచ్చేది. అది ఎవరి గాడిదో, అడక్కుండా తోలుకుపోతే వాళ్ళు కొట్లాటకు రాలేదా అని అడిగి మొట్టికాయ కూడా తిన్నాను. మా వెనక, తడిక పక్కన మా అమ్మ కూర్చుని ఉండేది. మేం ఆటగా అరిచిన మాటలు ఆమె మనసులో రాతి మీద చెక్కినట్టు పడ్డాయని ఆ రోజుల్లో నాకేం తెలుసు? ప్రవచనం తప్పదు. ఆమె నేర్చుకున్న మతమంతా ఆ ముక్కే.

కొవ్వొత్తుల పండగ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. పుట్టిన బిడ్డను మరియమ్మ యెరూషలేము గుడికి ఎత్తుకెళ్ళిందట. అక్కడ సిమెయోను అనే ముసలాయన, రక్షకుణ్ణి చూడకుండా చావననే నమ్మకంతో ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నాడట. బిడ్డను చేతుల్లోకి తీసుకుని, ఇక నేను హాయిగా పోతాను స్వామీ, చూడాల్సింది చూశానన్నాడట. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. తర్వాత తల్లి వైపు తిరిగి, ఈ బిడ్డ వల్ల నీ గుండెలో కూడా కత్తి దిగుతుందని చెప్పాడట. అన్నాడంటే జరిగిందనే అర్థం. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, తల్లి కళ్ళ ముందే శిలువ మీద పోయాడు.

మా పాళెంలో ఆ పండగ రోజు, ఆ ఏడు పుట్టిన మగబిడ్డలను తల్లులు గుడికి తెస్తారు. మాలో అందరికన్నా పెద్ద వయసాయన సిమెయోనులా నిలబడి ఒక్కో బిడ్డనూ ఎత్తుకుని, హాయిగా పోతాను స్వామీ అనే ముక్క చెప్పి, మళ్ళీ తల్లి చేతికిస్తాడు. కత్తి ముక్క చెప్పరు. చెప్పకూడదని ఎవరూ రాసి పెట్టలేదు. పచ్చి బాలింతతో అలాంటి మాట ఎవడంటాడు? ఆ ముక్క అక్కడుందని అందరికీ తెలుసు, దాని జోలికి ఎవరూ పోరు.

నా తర్వాత పుట్టిన మగపిల్లలు ఇద్దరు పురిట్లోనే పోయారు. ఆ తర్వాత పుట్టినవాడు నా తమ్ముడు. వాడు నిలిచాడు. మా అమ్మ వాణ్ణి ఎర్రగుడ్డలో చుట్టుకుని గుడికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఎప్పుడూ సిమెయోనుగా నిలబడే పెద్దాయన ఆ ఏడు వానలకు ముందే పోయాడు. ఆయన తర్వాత పెద్దవాడు ఉపదేశి తాతే కావడంతో ఆయనే నిలబడ్డాడు. అక్కడే వచ్చింది తంటా. పోయిన పెద్దాయనకు వచ్చింది ఆ ఒక్క ముక్కే, అది చెప్పి ఆగేవాడు. ఉపదేశి తాతకు సువార్తలన్నీ కంఠతా వచ్చు. కంఠతా వచ్చినవాడికి మధ్యలో ఆగడం రాదు.

కళ్ళు మూసుకుని, నా తమ్ముణ్ణి రెండు చేతుల మీదా పెట్టుకుని చెప్పుకుపోయాడు. హాయిగా పోతానన్నాడు. ఆగలేదు. ఈ బిడ్డ వల్ల అనేకులు పడతారు, లేస్తారన్నాడు. తాత కళ్ళు తెరవకుండానే మా అమ్మ వైపు తిరిగి, కత్తి మాట కూడా చెప్పేశాడు. అప్పుడు తెరిచాడు కళ్ళు. ఎదురుగా మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"అది మరియతల్లికి చెప్పిన మాటమ్మా, నీకు కాదు," అన్నాడు తాత.

మా అమ్మ బిడ్డను లాక్కుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ మాట పడ్డప్పటి నుంచి మా ఇంట్లో నవ్వు లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే మా నాయనా నేనూ అప్పుడప్పుడు నవ్వేవాళ్ళం, మా అమ్మ మా వైపు చూసేది, మేం మానుకునేవాళ్ళం. మత్స్యకారుల ఇళ్ళల్లో కొడుకులకు కత్తి వేరే చోటు నుంచి రాదు, సముద్రంలోంచే వస్తుంది. అమ్మ కూడా అదే తేల్చుకుంది. అందుకని వాణ్ణి నీళ్ళ దరిదాపులకు పోనిచ్చేది కాదు. వాడి ఈడు పిల్లలు అలల్లో పడి పొర్లుతుంటే వీడు గుడి అరుగు మీద కూర్చుని చూసేవాడు. సముద్రం ఒడ్డున పుట్టి మోకాలి లోతు నీళ్ళు ఎరగని పిల్లవాడు మా తీరంలో ఇంకొకడు ఉండడు. "గుడి పిల్లోడా, కాలు తడిసిందిరా, మీ యమ్మకు చెప్తాం," అని ఏడిపించేవాళ్ళు మిగతావాళ్ళు.

గుడిలో వ్యాకుల మాత పటం ఒకటి ఉండేది. గుండెలో కత్తులు దిగిన మరియమ్మ. మిగతా ఆడవాళ్ళు బాల మరియమ్మ దగ్గరికీ, లూర్దు మాత దగ్గరికీ పోయి కోరికలు కోరుకునేవాళ్ళు. మా అమ్మకు ఈ పటమే గతి. శుక్రవారాలు పస్తు. ఆమె కోరిక కూడా ఒకటే: ఈ రోజు వద్దు తల్లీ. వద్దని ఏనాడూ అడగలేదు, ఈ రోజు వద్దనే అడిగేది. ఆ తేడా నాకు ఆలస్యంగా అర్థమైంది. కత్తి రాకుండా పోతుందని ఆమె ఎన్నడూ నమ్మలేదు.

అన్నం పెడుతూ వాడి మొహం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. తలకు నూనె రాస్తూ పెట్టుకునేది. "నా తండ్రీ, ఎన్నాళ్ళుంటావోరా నాకు," అనేది. పాపం వాడు మంచివాడు, ఎగతాళి మనిషి. చిన్నప్పుడు ఓ మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని ఏడుస్తుంటే వాడు నిద్రలోంచి ఒక కన్ను తెరిచాడు. "నేను చచ్చిపోయినానా మా? నాకు చెప్పనే లేదే," అన్నాడు. నేను పగలబడి నవ్వాను. అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. ఇంకాస్త పెద్దయ్యాక వాడు ఆ ఎగతాళి మానేశాడు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే లేచి బయటికి పోయేవాడు, కంచంలో అన్నం అట్లాగే ఉండేది.

వాడికి మీసాలు రాకముందే మా నాయన తెడ్డు చేతికిచ్చాడు. మా వాళ్ళల్లో ఆ వయసుకు తెప్ప ఎక్కాల్సిందే. మా తెప్ప మీద నాయనతో పాటు మా చిన్నాయన, ఆయన బావమరిది పోయేవాళ్ళు. ఆ పొద్దున నలుగురూ తెప్ప దుంగలు కడుతుంటే మా అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి ఆ దుంగల మీద అడ్డంగా పడుకుంది.

"నన్ను తొక్కి పోండి. వాణ్ణి మాత్రం నేను పంపను."

"ఏందిమే ఈ కత? నీ ఒక్కదానికేనా కొడుకు?" అన్నాడు నాయన.

"నా ఒక్కదానికే చెప్పినారు."

ఒడ్డున ఉన్నవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. మా నాయన మంచోడు. చెయ్యి చేసుకునే రకం కాదు. తెడ్డు ఇసకలో గుచ్చి, వాడి వంక చూడకుండా, "పోరా, ఇంటికి పో," అన్నాడు. వాడు పోయాడు. ఆ వెళ్ళడంలో వాడి భుజాలు వంగిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

ఫాదరుగారు వచ్చినప్పుడు నేనే ఈ సంగతి ఆయన చెవిన వేశాను. ఆయన అమ్మను పిలిచి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. సిమెయోను ప్రవచనం మరియతల్లి కోసం, అది ఎప్పుడో నెరవేరింది, నెరవేరిన ప్రవచనం మళ్ళీ ఇంకొకరి మీదికి రాదని అన్నారు. అమ్మ చేతులు కట్టుకుని అంతా విన్నది.

"మరి ఆ మాట మా తాత నోట్లోంచి ఎవరు పలికించినారు ఫాదరుగారూ? ఆయన అందరి బిడ్డల మీదా అన్నాడా? నా బిడ్డ మీదనే గదా అన్నాడు."

"పొరపాటున అన్నాడమ్మా. మతిమరుపు."

"దేవుడి గుళ్ళో, దేవుడి మాట, పొరపాటున వస్తుందా సామీ?"

ఫాదరుగారు చాలా చదువుకున్నవారు. ఆ రోజు మాత్రం జపమాల ఇంకొంచెం ఎక్కువగా చెప్పుకోమని వెళ్ళిపోయారు. తర్వాత కొన్నేళ్ళకు పూజ లతీనులోంచి తెలుగులోకి వచ్చింది. అందరం సంబరపడ్డాం, దేవుడు ఏమంటున్నాడో ఇప్పటికి తెలుస్తోందని. మా అమ్మకు మాత్రం ఆ సంబరం లేదు. కొవ్వొత్తుల పండగ రోజు ఫాదరుగారు పీఠం దగ్గర నిలబడి, మైకు లేకపోయినా ఊరంతా వినబడేట్టు, కత్తి మాట తెలుగులో చదివారు. ఏటేటా చదివారు. ఆమె దృష్టిలో దేవుడు మరిచిపోలేదని గుర్తు చేయడమే అది.

ఈ లోపల ఉపదేశి తాత పోయాడు. పోయే ముందు అమ్మను చూడాలని కబురు పెట్టాడు. అమ్మ పోలేదు. నేను పోయాను. "మీ యమ్మ నన్ను మన్నించదా?" అని అడిగాడు. ఆమెకు మీ మీద కోపం లేదు తాతా, మీరు చెప్పింది నమ్మింది అన్నాను. అది ఓదార్పు అవుతుందనుకున్నాను, కాలేదు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నాకు పెళ్ళి పక్క వీధిలోనే అయింది కాబట్టి నేను ఎటూ పోలేదు. నా తమ్ముడు గడ్డం గీసుకునే మనిషయ్యాడు. ఉప్పు పడవలకు కాలవ గట్టున తాళ్ళు లాగాడు, సరుగుడు కొట్టే కూలికి పోయాడు. ఏం చేసినా మా వాళ్ళ లెక్కలో వాడు మనిషి కాదు. తెప్ప ఎక్కనివాడికి మా పాళెంలో పిల్లనివ్వరు, పంచాయతీలో మాట్లాడనివ్వరు. ఒకరోజు వాడు మా ఇంటికి వచ్చి అన్నాడు. "అక్కా, రేపు నేను పోతుండా. నాయనతో మాట్లాడినా. అమ్మకు తెల్దు."

పో తమ్ముడూ అన్నాను. ఇప్పుడడిగినా అదే అంటాను.

తెల్లారకముందే పోయారు. వెలుగొచ్చాక అమ్మకు తెలిసింది. అరవలేదు, తిట్టలేదు. జపమాల తీసుకుని వచ్చి ఒడ్డున ఇసకలో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. పొద్దెక్కింది. గాలి తిరిగింది. ఒక్కో తెప్పా వచ్చేస్తోంది, మా తెప్ప లేదు. మధ్యాహ్నం దాటింది. సముద్రం నల్లబడింది. మా తెప్ప ఒక్కటే రాలేదు.

అప్పటికి ఒడ్డున ఆడవాళ్ళు చాలామంది చేరారు, గంగమ్మవాళ్ళూ మావాళ్ళూ. మా తీరంలో ఒక కట్టు ఉంది. తెప్ప ఎంత ఆలస్యమైనా, శవం కంటపడేదాకా, కనీసం విరిగిన దుంగ కొట్టుకొచ్చేదాకా ఎవరూ ఏడవకూడదు. రోజుల తరబడి రాకపోయినా సరే, నోరు మెదపకుండా కూర్చుంటారు. ఏడిస్తే సముద్రం ఆ మాట వింటుందని, ఎవరి కోసం ఏడిస్తే వాణ్ణి తనకు ఇచ్చేసినట్టు లెక్క కడుతుందని భయం. ఈ విషయంలో మరియమ్మ లేదు, గంగమ్మ లేదు, అందరికీ ఒకటే కట్టు. మా అమ్మ ఆ ఊళ్ళోనే పుట్టిన మనిషి. ఆమెకు తెలియక కాదు.

ఉన్నట్టుండి జపమాల ఇసకలో పడేసి, కొప్పు విప్పుకుని, రెండు చేతులతో రొమ్ము బాదుకుంటూ శోకం ఎత్తుకుంది. "ఎర్రగుడ్డలో చుట్టి నిన్ను గుడికి తెస్తినే నా కొడకా, గుళ్ళోనే నిన్ను గుంజుకున్నారే నా కొడకా. మోకాటి నీళ్ళకు పోనియ్యకపోతినే, ఏ నీళ్ళు తాగినావురా నా తండ్రీ." నేను ఆమె నోరు మూయబోయాను. నన్ను తోసేసింది. మా ఆడవాళ్ళల్లో శోకాలు పెట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకైనా మొదట్లో మాట తడబడుతుంది, వెతుక్కుంటారు. మా అమ్మకు తడబాటు లేదు. వాడి పుట్టుక, వాడి పళ్ళు, వాడి నడక, వాడికి ఇష్టమైన పులుసు, అన్నీ వరస తప్పకుండా వస్తున్నాయి. అప్పుడు నాకు తెలిసింది. ఇది ఇప్పుడు పుట్టిన శోకం కాదు. వాడు పాలు తాగే నాటి నుంచీ ఆమె లోపల దీన్ని కట్టుకుంటూ వచ్చింది.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి దూరంగా జరిగారు.

అంతలో తెరచాప కనబడింది. గాలికి వాళ్ళు దక్షిణంగా కొట్టుకుపోయి, ఒడ్డు పట్టుకుని తిరిగి వస్తున్నారు. తెప్ప ఇసక తాకింది. అందరికన్నా ముందు నా తమ్ముడు దూకాడు. నడుము దాకా తడిసి, చేతిలో వంజరం చేప ఒకటి పైకెత్తి పట్టుకుని, మొహమంతా నవ్వుతో. వాణ్ణి అంత సంతోషంగా నేను అంతకుముందు చూళ్ళేదు, ఆ తర్వాతా చూళ్ళేదు. రెండడుగులు వేశాక అమ్మ శోకం వాడి చెవిన పడింది. వాడి పేరు పెట్టి, పోయినవాడి లెక్కలో. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, ఇంకా ఆపలేదు. వాడు నిలబడి విన్నాడు. చేప చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

చిన్నాయన బావమరిది ఆ రోజే చెప్పేశాడు. "అన్నా, నీ కొడుకుతో ఇంక నేను తెప్ప ఎక్కను. వాడి మీద శోకం పడింది." చిన్నాయన తెరచాప చుట్టుకుంటూ అటు తిరిగాడు. వేరే తెప్పలవాళ్ళనూ అడిగాడు మా నాయన, కాళ్ళరిగేట్టు తిరిగి. ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకు నేను వాళ్ళను తప్పు పట్టలేను. వాళ్ళకూ పెళ్ళాం పిల్లలున్నారు. ఫాదరుగారు వచ్చి ఇదంతా మూఢనమ్మకమని కోప్పడ్డారు. తెప్ప మీద తీర్థం చల్లి దీవించారు. మావాళ్ళు తలలు వంచి దీవెన తీసుకున్నారు, తెల్లారి వాణ్ణి వదిలేసి పోయారు. వాడు ఒడ్డున వల ముట్టుకుంటే ఆ వల కడిగి ఆరేసేవాళ్ళు. పిల్లలు వాణ్ణి చూసి ఇళ్ళల్లోకి పరిగెత్తేవాళ్ళు.

అమ్మ మాత్రం వాడికి రోజూ వండి పెట్టింది. వాడు ఆమె చేతి కూడు ముట్టలేదు. మా ఇంట్లో తినేవాడు. ఒకసారి అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి, "నాయనా, నేను కావాలని చేసినానా?" అంది. వాడు తలెత్తలేదు. "నన్ను ఏడ్చేసినావు గదా మా. ఇంక నాతో ఏం పని నీకు?" అన్నాడు. కోపంతో అనలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఆ మాటకు మందు లేకపోయింది.

వానలు పట్టక ముందే ఓ పొద్దున వాడు లేడు. గూడూరు వైపు అభ్రకం గనుల్లో చేరాడని ఓ లారీ మనిషి మా నాయనకు చెప్పాడు. నేనూ నా భర్తా పోయి చూశాం. గనిలోంచి పైకొచ్చాడు. జుట్టులో, కనుబొమల్లో అభ్రకం తళతళలాడుతోంది. దగ్గుతున్నాడు. అక్కా అని చెయ్యి పట్టుకున్నాడు, నాయన ఎట్లా ఉన్నాడని అడిగాడు. అమ్మ పేరెత్తలేదు. అమ్మ రావాలంటోందిరా అని నేనే అన్నాను.

"వద్దక్కా. ఆమె నా మొకం చూస్తే ఆమెకు శవం కనపడతది. ఆమె కళ్ళల్లో నాకూ అదే కనపడతది. చిన్నప్పట్నించీ అంతే. నన్ను ఇంక వదిలెయ్యమను."

నేను ఆ మాట అమ్మకు చెప్పలేదు, బాగున్నాడు అని మాత్రం చెప్పాను. అదీ తప్పే అయింది, ఎందుకంటే అమ్మ మూట కట్టుకుని బయల్దేరింది. పులుసన్నం, ఎండుచేపలు, వ్యాకుల మాత పతకం ఒకటి. తోడు పోక తప్పలేదు. గని పక్కన చింతచెట్టు కింద కూర్చున్నాం. కబురు పెట్టాం. వాడు దూరం నుంచి చూశాడు. నేను చూడటం వాడు చూశాడు. వెనక్కి తిరిగి నిచ్చెన దిగి గనిలోకి పోయాడు. అమ్మ అన్నం మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పని వదిలే వేళకు అందరూ పైకి వచ్చారు, వాడు రాలేదు. అవతలి దారిన పోయాడని ఎవరో చెప్పారు. తర్వాత నా భర్త ఒక్కడే పోయి వాకబు చేస్తే ఆ గనే మానేశాడన్నారు. సైదాపురం వైపన్నారు ఒకరు, మద్రాసన్నారు ఇంకొకరు. ఎక్కడో ఉన్నాడు. పోయినాడన్న కబురు ఏ వైపు నుంచీ రాలేదు.

అమ్మ గుడి మానలేదు. మానేస్తే నాకు బాగుండేది. అదే పటం ముందు అట్లాగే కూర్చునేది, ఇప్పుడు నోరు కదిలేది కాదు. ఏం కోరుకోవాలో ఆమెకు తెలియడం లేదనిపించేది నాకు. ఈ రోజు వద్దు తల్లీ అనడానికి, ఆ రోజు వచ్చినా ఆమెకు తెలిసే దారి లేదు.

ఆ తర్వాత వచ్చిన పవిత్ర శుక్రవారం సరుగుడు తోటలో శిలువ మార్గం పెట్టారు. క్రీస్తు శిలువ మోసిన దారిలోని ఒక్కో ఘట్టం బొమ్మనూ ఒక్కో చెట్టుకు కట్టారు. ప్రతి బొమ్మ ముందూ ఆగి, కొత్త ఉపదేశి చదువుతుంటే అందరం ఇసకలో మోకరించి జపం చెప్పి ముందుకు కదులుతున్నాం. ఎండ మాడుస్తోంది. చివరికి, శవాన్ని శిలువ మీద నుంచి దింపి మరియమ్మ ఒళ్ళో పడుకోబెట్టిన బొమ్మ దగ్గరికి వచ్చాం. అందరం మోకరించాం. అమ్మ మోకరించలేదు.

"కూర్చో మా, అందరూ చూస్తుండారు," అని కొంగు లాగాను.

ఆమె నా చెయ్యి విదిలించుకుని బొమ్మకు ఎదురుగా పోయి నిలబడింది. ఏడుపు లేదు. బావి దగ్గర పక్కింటామెతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నీకేం తల్లీ. నీ కొడుకును దించి నీ ఒళ్ళో పెట్టినారు. మొకం తుడుచుకున్నావు, ముద్దు పెట్టుకున్నావు, ఏడ్చుకున్నావు. నీకు అక్కడితో అయిపోయింది. నా బిడ్డ బతికే ఉండాడు," అంది.